పార్కు బతకాలంటే ముందు మనిషిని కూర్చోనివ్వాలి

ఏ ఊళ్ళోనైనా పార్కు బాగు చేస్తామని పని మొదలుపెడితే ముందు లేచేది ప్రహరీగోడ. ఆ తర్వాత ఇనుప గేటు, దాని మీద ఆర్చి, ఆర్చి మీద పేర్లు. లోపల నడక దారికి రంగు టైల్స్, నడుమ కొన్నాళ్ళు తిరిగి ఆగిపోయే ఫౌంటెన్. ఇవన్నీ అయ్యాక డబ్బు మిగిలితే ఓ మూల రెండు సిమెంటు బెంచీలు వేస్తారు. వాటికి నీడ ఉండదు, వీపు ఆనించుకోవడానికి ఏమీ ఉండదు. ఏడాది తిరిగేసరికి అక్కడికి జనం రారు. జనం లేని చోటికి సీసాలు వస్తాయి, పేకాట వస్తుంది. చివరికి గేటుకు తాళం పడుతుంది. "మనవాళ్ళకు పార్కులు దండగ" అనే మాట కూడా పడుతుంది.

తప్పు జనానిది కాదంటాను. ఆ పార్కు వాళ్ళను నడవమంది, చూడమంది, వెళ్ళిపోమంది. కూర్చోమని మాత్రం అనలేదు. పార్కు మళ్ళీ బతకాలంటే మొదటి పని కూర్చునే చోటు. చిన్న విషయంలా కనిపిస్తుంది గాని, ఇది న్యాయానికి సంబంధించిన విషయం కూడా. క్రైస్తవులుగా, ముఖ్యంగా యవనస్తులుగా, మనం దీని గురించి ఎందుకు మాట్లాడాలో చెప్పడానికే ఈ వ్యాసం.

బెంగళూరు నుంచి పాత మద్రాసు రోడ్డు పట్టుకుని తూర్పుగా పాతిక కిలోమీటర్లు వస్తే హొసకోటె. చిత్తూరు, తిరుపతి వెళ్ళే మన బస్సులు ఈ దారినే పోతాయి. చెన్నై దాకా వేస్తున్న కొత్త ఎక్స్‌ప్రెస్‌వే ఇక్కడే మొదలై చిత్తూరు జిల్లా మీదుగా సాగుతుంది. చుట్టూ ఫ్యాక్టరీలు, పెద్ద పెద్ద గోదాములు, పొలాలను మింగుతూ పెరిగే లేఅవుట్లు. రోడ్డు పక్కన పక్షులకు పేరుపడ్డ పెద్ద చెరువు. తెల్లవారుజామున ఇక్కడి బిర్యానీ కోసం బెంగళూరు కుర్రకారు బండ్లేసుకుని వచ్చి క్యూ కడతారు. తెలుగు, కన్నడ, ఉర్దూ, తమిళం, ఇప్పుడు హిందీ, ఒడియా కూడా ఒకే వీధిలో వినిపించే ఊరు ఇది.

ఇలాంటి ఊళ్ళో కూర్చునే చోటు ఎవరికి కావాలి? గోదాములో రాత్రి షిఫ్టు దిగి గది తాళం తీసే స్నేహితుడి కోసం ఎదురుచూసే కుర్రాడికి కావాలి. పొద్దున ఒక ఇంట్లో, సాయంత్రం మరో ఇంట్లో అంట్లు తోమే అక్కకు నడుమ దొరికే రెండు గంటలకు కావాలి. కూలి అడ్డా మీద మేస్త్రీ పిలుపు కోసం నిలబడే ఆడవాళ్ళకు కావాలి. ఆర్డరు కోసం బండి సీటు మీదే కూర్చుని ఫోను చూసుకునే డెలివరీ అబ్బాయికి కావాలి. మనవడిని చూసుకోవడానికి అనంతపురం నుంచో మదనపల్లె నుంచో వచ్చి మూడో అంతస్తు ఫ్లాట్‌లో గోడలతో మాట్లాడుకునే అవ్వకు కావాలి. ఊళ్ళో ఆమెకు అరుగు ఉండేది. ఇక్కడ బాల్కనీ ఉంది, అందులో వాషింగ్ మెషీను ఉంది.

డబ్బున్న మనిషికి కూర్చోవడం ఒక సమస్యే కాదు. కారులో కూర్చుంటాడు. రెండు వందలు పెట్టి కాఫీ కొనుక్కుని ఏసీలో గంటసేపు కూర్చుంటాడు. నగరంలో కూర్చోవడం ఇప్పుడు కొనుక్కునే వస్తువైంది. కొనలేనివాళ్ళకు మిగిలింది ఫుట్‌పాత్ అంచు, మూసి ఉన్న షాపు మెట్టు, మురుగు కాలువ మీది బండ. అక్కడి నుంచి కూడా "లెయ్, లెయ్" అని లేపేవాళ్ళు ఉంటారు.

కూర్చోవడం మన దేశంలో ఎప్పుడూ కేవలం కాళ్ళ నొప్పికి సంబంధించిన విషయం కాదు. ఊరి రచ్చబండను, కన్నడ సీమలో రావిచెట్టు చుట్టూ కట్టిన అరళికట్టెను మనం ముచ్చటగా తలుచుకుంటాం. ఆ బండ మీద ఎవరు కూర్చున్నారు, ఎవరు చేతులు కట్టుకుని దూరంగా నిలబడ్డారు అన్నది మన తాతలను అడిగితే చెబుతారు. పెద్దకులం వాడు ఎదురైతే అరుగు దిగి నిలబడవలసి వచ్చిన జ్ఞాపకం మన సంఘాల్లో చాలా కుటుంబాలకు ఉంది. అది అంత పాత కథ కూడా కాదు. 1991 ఆగస్టు 6న గుంటూరు జిల్లా చుండూరులో 8 మంది దళితులను చంపారు. ఆ పగకు నిప్పు రాజుకున్నది ఒక సినిమా హాల్లో, సీట్ల దగ్గర, కాలు తగిలిందన్న తగాదాతో. పక్కపక్కన కూర్చోవడమే నేరమైన రోజు అది.

అమెరికాలోనూ అంతే. 1955 డిసెంబరు 1న మాంట్‌గోమరీలో రోజా పార్క్స్ బస్సు సీటులోంచి లేవనందుకు అరెస్టయింది. దక్షిణాఫ్రికాలో వర్ణవివక్ష కాలంలో పార్కు బెంచీల మీదే 'తెల్లవారికి మాత్రమే' అనే అర్థం వచ్చేలా రాసేవారు. అణచివేతకు ముందుగా గుర్తుకొచ్చే సాధనం కుర్చీ. ఎవరు కూర్చోవాలి, ఎవరు నిలబడాలి అని తేల్చేసిన తర్వాత మిగతా హెచ్చుతగ్గులన్నీ వాటంతట అవే వస్తాయి.

అందుకే మన రాజ్యాంగంలో 15వ అధికరణం రెండో క్లాజు ఉంది. బావులు, చెరువులు, స్నానఘట్టాలు, రోడ్లతో పాటు ప్రభుత్వ డబ్బుతో నడిచే, ప్రజల వాడకానికి ఇచ్చిన బహిరంగ స్థలాల్లో మతం, జాతి, కులం, లింగం, పుట్టిన చోటు చూసి ఎవరినీ అడ్డుకోకూడదని అది చెబుతుంది. 1927 మార్చిలో మహాడ్ చెరువు నీళ్ళు దోసిట పట్టిన అంబేడ్కర్ పోరాటం ఆ వాక్యాల వెనక ఉంది. చెరువు ఎంతో పార్కు అంతే. పార్కు బెంచీ మన రాజ్యాంగపు హక్కు కూర్చునే చోటు.

ఇప్పుడు కులం పేరు చెప్పి ఎవరూ లేపరు. వేరే మాటలు వచ్చాయి. 2023లో బెంగళూరులో ఒక అపార్ట్‌మెంట్ సంఘం ఇచ్చినట్టు చెబుతున్న నోటీసు బయటికి వచ్చి పెద్ద చర్చ అయింది. పనిమనుషులు, వంటవాళ్ళు ఖాళీ సమయంలో అక్కడి పార్కులో, అందరూ తిరిగే చోట్ల కూర్చోవద్దని, వాళ్ళు చుట్టూ ఉంటే నివాసులకు ఇబ్బందిగా ఉంటుందని దాని సారాంశం. అదే మనిషి చేసిన వంట తినడానికి ఇబ్బంది లేదు. ఆమె బెంచీ మీద కూర్చుంటే ఇబ్బంది. యాకోబు తన పత్రిక రెండో అధ్యాయంలో మందలించింది సరిగ్గా ఈ బుద్ధినే. ఉంగరం పెట్టుకుని వచ్చినవాడికి మంచి ఆసనం చూపించి, మాసిన బట్టలవాడిని నిలబెట్టడమో, కాళ్ళ దగ్గర కూర్చోబెట్టడమో చేసే సమాజం దేవుని ఎదుట దోషి అని ఆయన తేల్చాడు. ఆయన అన్నది ఆరాధన స్థలం గురించి. ఆదివారం బల్ల మీద పక్కపక్కన కూర్చున్నవాళ్ళు సోమవారం అపార్ట్‌మెంట్ పార్కులో ఆ నోటీసు కింద సంతకం పెడితే యాకోబుకు మనం ఏం జవాబు చెబుతాం?

ఇక పార్కు సంగతికి వద్దాం. కూర్చునే చోటుకూ పార్కు బాగుపడటానికీ ఉన్న సంబంధాన్ని ఓపికగా పరిశీలించిన మనిషి విలియం వైట్. 1970లలో ఆయన బృందం న్యూయార్క్‌లో ఖాళీ స్థలాల దగ్గర కెమెరాలు పెట్టి, ఎవరు ఎక్కడ ఎంతసేపు కూర్చుంటున్నారో లెక్కపెట్టింది. కొన్ని చోట్ల జనం కిటకిటలాడుతున్నారు, పక్క వీధిలోనే మరో చోటు బోసిగా ఉంది. ఎందుకు? ఎండ, ఆకారం, విస్తీర్ణం, అన్నీ చూశారు. చివరికి తేలింది చాలా మామూలు సంగతి. కూర్చోవడానికి వీలున్న చోట జనం కూర్చుంటున్నారు. 1980లో వచ్చిన ఆయన పుస్తకం ఈ మాటను ప్రపంచానికి చెప్పింది. బాగా నడిచే చోట్లలో ఆడవాళ్ళ సంఖ్య మామూలుకన్నా ఎక్కువగా ఉంటుందనీ, తినడానికి ఏదైనా అమ్మేవాళ్ళుంటే జనం ఇంకా చేరతారనీ కూడా ఆయన గమనించాడు.

దీనికి పెద్ద రుజువు న్యూయార్క్ బ్రయంట్ పార్కు. గ్రంథాలయం వెనక ఉన్న ఆ పార్కు 1970లలో మత్తుమందుల అడ్డా. చుట్టూ ఎత్తైన పొదలు, కంచె. లోపలికి వెళ్తే బయటికి కనపడరు. 1988లో మూసి, పొదలు తీసి, దారులు పెంచి, ఎవరికి నచ్చిన చోటికి వాళ్ళు జరుపుకునే తేలికపాటి కుర్చీలు వేసి 1992లో తెరిచారు. జనం వచ్చారు. జనం రావడమే కాపలా అయింది. దీంట్లో మనం జాగ్రత్తగా చూడవలసింది ఒకటుంది. ఆ పార్కును నడిపేది ఒక ప్రైవేటు సంస్థ. అది వ్యాపారానికి ఎంత దగ్గరగా ఉండాలన్న వాదన అక్కడా ఉంది. మనకు అక్కడి కుర్చీల పాఠం కావాలి, పార్కును కంపెనీ చేతిలో పెట్టే పాఠం అక్కర్లేదు.

"అదంతా అమెరికాలో. ఇక్కడ బెంచీలు వేస్తే తాగుబోతులు, జంటలు, పనిలేనివాళ్ళు చేరతారు" అంటారు. ఈ భయాన్ని తీసిపారేయకూడదు. ఆడపిల్లల తల్లిదండ్రులు అడిగే ప్రశ్న అది. అయితే బెంచీ తీసేస్తే తాగుబోతు పోడు, గడ్డి మీద కూర్చుంటాడు. పోయేది అవ్వ, చంటిబిడ్డ తల్లి, మోకాళ్ళ నొప్పి ఉన్న తాత. పదిమంది మంచివాళ్ళను పంపేసి ఆ చోటును ఒక్క చెడ్డవాడికి అప్పగించినట్టు అవుతుంది. సాయంత్రం దీపం వెలిగి, గేటు దగ్గర టీ బండి ఉండి, పిల్లలు ఆడుతూ, వాళ్ళను చూస్తూ పెద్దవాళ్ళు కూర్చున్న పార్కులో సీసా తీయడానికి ఎవడికైనా మొహం చెల్లదు.

జంటల విషయానికి వస్తే, 2021 ఆగస్టులో హైదరాబాదు ఇందిరా పార్కు ముందు పెళ్ళికాని జంటలకు ప్రవేశం లేదని బోర్డు పెట్టారు. జనం నిలదీయగానే తీసేశారు. పెళ్ళి పత్రిక చూపించి లోపలికి వెళ్ళవలసిన చోటును ప్రజల పార్కు అనలేం. అసభ్యంగా ప్రవర్తిస్తే చట్టం ఉంది. ఇద్దరు మనుషులు పక్కపక్కన కూర్చోవడం అసభ్యం కాదు. మన యవనస్తులు మర్యాదగా కూర్చుని మాట్లాడుకునే వెలుతురున్న చోటు ఉండటం మేలా, చీకటి సందులు వెతుక్కోవడం మేలా అని సంఘ పెద్దలు కూడా ఆలోచించాలి.

మరి మధ్యాహ్నం బెంచీ మీద నిద్రపోయేవాడి సంగతి? బెంచీ నడుమ ఇనుప కడ్డీ పెట్టి వాడిని పడుకోనివ్వకుండా చేయడం ఇప్పుడు చాలా నగరాల్లో నేర్చుకున్న తెలివి. రాత్రంతా లారీ తోలినవాడు, పొద్దున నాలుగింటికి లేచిన పౌరకార్మికురాలు గంటసేపు నడుం వాలిస్తే పార్కుకు ఏం తగ్గుతుంది? అంచుల్లో చేతులు ఆనించే కమ్మీలు ముసలివాళ్ళు లేవడానికి సాయం చేస్తాయి, వాటిని పెట్టండి. నడుమ పెట్టేది మాత్రం మనిషిని తరమడానికే.

వేళల మాట కూడా అనుకోవాలి. బెంగళూరు పాలికె పార్కులు చాలాకాలం పొద్దున, సాయంత్రం మాత్రమే తెరిచి నడిమి ఎండ వేళ మూసేవారు. అంటే వాకింగ్ చేసేవాళ్ళ కోసమే పార్కు. ఎండలో పనిచేసేవాడికి నీడ కావలసిన సమయంలో గేటుకు తాళం. 2024 జూన్‌లో ఉదయం 5 నుంచి రాత్రి 10 దాకా తెరిచి ఉంచుతామని ప్రకటించారు. మంచి నిర్ణయం. హొసకోటె ఆ పాలికె కిందికి రాదు, మనకు వేరే నగరసభ ఉంది. కాబట్టి ఇక్కడ మనమే అడగాలి.

అడిగితే ఏమవుతుంది అనేవాళ్ళకు బెంగళూరులోనే జవాబు ఉంది. రాజమహల్ విలాస్ ఎక్స్‌టెన్షన్‌లో పార్కుకని వదిలిన స్థలాన్ని ప్రైవేటు నర్సింగ్ హోముకు ఇచ్చేస్తే, అక్కడి నివాసులు కోర్టుకు వెళ్ళారు. 1991లో సుప్రీంకోర్టు వాళ్ళ పక్షాన నిలబడింది. పార్కు స్థలం అందరి మేలు కోసం ఉంచినదనీ, పైనుంచి ఆదేశం వచ్చిందని దాన్ని ఒకరికి అప్పగించడం కుదరదనీ తేల్చింది. మామూలు నివాసులు గెలిచిన కేసు అది. పార్కులను, మైదానాలను కాపాడటానికి కర్ణాటకలో 1985 నుంచి ప్రత్యేక చట్టమే ఉంది. లేఅవుట్ వేసేవాళ్ళు పార్కుకు స్థలం వదలాలన్న నియమం ఉంది. మీ లేఅవుట్ ప్లాన్‌లో పచ్చరంగు వేసిన ముక్క ఇప్పుడు ఏ రంగులో ఉందో ఒకసారి చూడండి. సమాచార హక్కు చట్టం కింద ఆ ప్లాన్ అడగడానికి ఖర్చు చాలా తక్కువ.

కూర్చునే హక్కు కూడా అడిగితేనే వచ్చింది. కేరళలో బట్టల దుకాణాల్లో పొద్దస్తమానం నిలబడి పనిచేసే ఆడవాళ్ళు ఏళ్ళ తరబడి పోరాడితే 2018లో చట్టం మారింది, కూర్చోవడానికి సీటు ఇవ్వడం యజమాని బాధ్యత అయింది. 2021లో తమిళనాడు అదే దారి పట్టింది. దుకాణం లోపల గెలిచిన ఆ హక్కు దుకాణం బయట, వీధిలో, పార్కులో కూడా ఉండాలి కదా.

మంచి బెంచీ అంటే ఏమిటో కూడా తెలిసి అడగాలి. నేల నుంచి ఒకటిన్నర అడుగు ఎత్తు ఉండాలి. వీపు ఆనేలా ఉండాలి. మధ్యాహ్నం చెట్టు నీడ పడే చోట వేయాలి. మన వైపు దొరికే రాయి గట్టిదే గాని ఎండలో పెనంలా కాలుతుంది. గోడవైపు కాదు, మనుషులు నడిచే వైపు, పిల్లలు ఆడుకునే వైపు తిరిగి ఉండాలి. అన్నీ వరసగా కాకుండా కొన్నిటిని ఎదురెదురుగా, కొన్నిటిని మూలగా కలిపి వేస్తే నలుగురు కూర్చుని మాట్లాడుకోగలరు. పక్కన చక్రాల కుర్చీ నిలిచేంత చదును జాగా వదలాలి. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం బహిరంగ స్థలాలు వాళ్ళకు అందుబాటులో ఉండాలనే చెబుతోంది. దగ్గర్లో తాగే నీళ్ళు, ఆడవాళ్ళకు శుభ్రమైన మరుగుదొడ్డి లేకపోతే ఎంత మంచి బెంచీ అయినా అరగంటకు మించి ఎవరినీ కూర్చోబెట్టలేదు. గేటు దగ్గర టీ బండిని తరమకూడదు. ఫౌంటెన్‌కు పెట్టే డబ్బుతో ఇవన్నీ కాకపోయినా చాలావరకు అవుతాయి.

బెంచీ ఎంత పని చేయగలదో జింబాబ్వే చూపించింది. దేశమంతటికీ వేళ్ళ మీద లెక్కపెట్టేంతమంది మానసిక వైద్యులున్న రోజుల్లో, డిక్సన్ చిబాండా అనే వైద్యుడు హరారేలో 14 మంది అమ్మమ్మలకు శిక్షణ ఇచ్చి, ఆసుపత్రి ఆవరణలో చెట్టు కింద చెక్క బెంచీ మీద కూర్చోబెట్టాడు. మనసు కుంగిపోయినవాళ్ళు వచ్చి వాళ్ళ పక్కన కూర్చుని చెప్పుకునేవారు. 24 క్లినిక్‌లలో 573 మందితో చేసిన అధ్యయనం 2016లో అమెరికా వైద్య పత్రిక జామాలో వచ్చింది. మామూలు వైద్యం మాత్రమే అందినవాళ్ళ కంటే, బెంచీ మీద కూర్చున్నవాళ్ళకు ఆరు నెలల తర్వాత కుంగుబాటు బాగా తగ్గిందని తేలింది. మన సంఘాల్లో వినగలిగే అవ్వలు లేరా? వినిపించుకునేవాళ్ళు లేక నలిగిపోతున్న యవనస్తులు లేరా? సమరయ స్త్రీతో యేసు సంభాషణ మొదలైంది కూడా ఆయన ఎండవేళ అలసి బావి పక్కన కూర్చోవడంతోనే. యూదులు, సమరయులు కలవని కాలంలో ఆ ఇద్దరూ కలిసింది అందరిదీ అయిన చోట.

చివరగా మనం చేయగల పనులు చెబుతాను. యవనస్తుల కూడికలో ఒక శనివారాన్ని దీనికి ఇవ్వండి. మీ వార్డు పార్కుకు ఇద్దరిద్దరుగా వెళ్ళి పొద్దున నుంచి రాత్రి దాకా గంటకోసారి రాసుకోండి: ఎంతమంది ఉన్నారు, అందులో ఆడవాళ్ళు ఎందరు, ముసలివాళ్ళు ఎందరు, ఎవరు దేని మీద కూర్చున్నారు, ఎవరిని ఎవరు లేపారు. ఆ కాగితం పట్టుకుని నగరసభకు వెళ్ళండి. కన్నడంలో రాసి ఇవ్వండి, మన ఊరి భాష అది. పార్కు మీది ప్రేమ గురించి ఉపన్యాసం కన్నా ఆ లెక్కకు బలం ఎక్కువ.

సంఘాలకు ఒక మనవి. జ్ఞాపకార్థ కూడికలకు మనం పెద్ద ఫ్లెక్సీలు, భోజనాలు పెడతాం. దానిలో కొంత తీసి, అనుమతితో, పార్కులోనో బస్టాపు దగ్గరో నీడలో ఒక మంచి బెంచీ వేయించండి. దాని మీద పేరు లేకపోయినా పరవాలేదు. వారంలో ఆరు రోజులు తాళం పడి ఉండే చర్చి ఆవరణలో చెట్టు కింద బల్ల వేసి, గేటు తీసి పెట్టండి. వచ్చి కూర్చున్నవాడిని ఏ మతమని అడగకండి, కరపత్రం చేతిలో పెట్టకండి, నీళ్ళు ఇవ్వండి.

అపార్ట్‌మెంట్ సంఘాల్లో ఉన్న మన విశ్వాసులు తర్వాతి మీటింగులో ఒక్క ప్రశ్న వేయండి: మన ఇంట్లో పనిచేసే అక్క ఈ పార్కులో ఎక్కడ కూర్చుంటుంది?

జెకర్యా ప్రవక్త బాగుపడిన యెరూషలేమును ఊహించినప్పుడు కోట గోడల గురించి కాదు, వీధుల్లో చేతికర్రలతో కూర్చున్న ముసలివాళ్ళ గురించి, వాళ్ళ చుట్టూ ఆడుకునే పిల్లల గురించి చెప్పాడు. ఒక నగరం దేవుని దయ పొందిందనడానికి ఆయన చూపిన గుర్తు అది. హొసకోటెలో ఇంకా లేఅవుట్లు పడుతూనే ఉన్నాయి, ప్లాన్లు గీస్తూనే ఉన్నారు. చెట్టు నాటాలన్నా, బెంచీకి చోటు అడగాలన్నా ఇదే సమయం. వచ్చే శనివారం నుంచి లెక్క మొదలుపెట్టండి.